బడికి నిధులు అడిగే పద్ధతి
(సంఘం వార్షిక సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)



నేనొక సర్కారు బడి ఉపాధ్యాయుణ్ణి. మా బడిలో మరుగుదొడ్డి లేక, ఏడో తరగతి దాటగానే కొందరు ఆడపిల్లలు చదువు మానేశారు. "బడి బాగుచేయించండి" అని మూడేళ్ళు అర్జీలు పెట్టాను. జవాబు రాలేదు. తప్పు నాదీ ఉంది. ఏం కావాలో, ఎంతవుతుందో వాటిలో రాయనే లేదు!

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసేదీ ఆ కమిటీయే. అందుకని ఈసారి కమిటీలోని తల్లులతో కూర్చుని తీర్మానం రాయించాను. ఇంజనీరుగారి అంచనా, ఫొటోలు, ఆడపిల్లల సంఖ్య జతచేశాం. చిన్న మరమ్మతులకు సమగ్ర శిక్షా గ్రాంటు ఉంది. గదులకు, మరుగుదొడ్లకు పార్లమెంటు సభ్యుల నిధి అడగవచ్చు. వారు సిఫారసు చేస్తే జిల్లా అధికారులు పరిశీలించి మంజూరు చేస్తారు. మాకు అలాగే వచ్చింది. ఖర్చు లెక్కంతా బడి గోడమీద రాసిపెట్టాం. అది చూసి ఊరివాళ్ళు తమంతట తామే బల్లలు చేయించి ఇచ్చారు.

కాబట్టి నా మనవి ఒక్కటే. మీ పిల్లల బడిలో కమిటీ మీటింగు ఎప్పుడో కనుక్కొని తప్పక వెళ్ళండి. అక్కడ మాస్టారిని ఒంటరిగా వదలకండి. సెలవు. ఖుదాహాఫిజ్.