వకీలు కాదలచిన బిడ్డ ఏ కళాశాలలో చేరాలి?

(తనకల్లులో ముస్లిం తల్లిదండ్రులు, విద్యార్థుల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



సభ ఇంకా మొదలు కాలేదు, బయట వేపచెట్టు కింద ఒక తండ్రి నన్ను పక్కకు పిలిచాడు. ఆయనకు నాలుగెకరాల శెనక్కాయ చేను ఉంది. కూతురు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతోంది. వకీలు అవుతానని పట్టుబట్టింది. “వకీల్ సాబ్, ఏ కాలేజీలో చేర్పిస్తే నా బిడ్డ జడ్జి ముందర నిలబడి మాట్లాడగలుగుతుంది?” అని అడిగాడు. ఏ కాలేజీకి పెద్ద పేరుందని ఆయన అడగలేదు. నేను రాసి తెచ్చుకున్న కాగితాలను మడిచి జేబులో పెట్టుకున్నాను. ఈ రోజు ఆ తండ్రి ప్రశ్నకే జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందుగా నా సంగతి చెప్పుకోవాలి. నేను మూడేళ్ళ ఎల్ఎల్‌బీ చదివిన కళాశాల పేరు ఇక్కడ అనవసరం. అక్కడ తరగతులు జరిగిన రోజులకన్నా జరగని రోజులే ఎక్కువ. హాజరు పట్టీలో మాత్రం మేము ప్రతిరోజూ ఉన్నాము. పరీక్షకు నెల రోజుల ముందు గైడ్లు కొనుక్కున్నాము, రాశాము, ఉత్తీర్ణులమయ్యాము. నల్లకోటు కుట్టించుకున్న రోజున మా నాన్న వీధిలో అందరికీ మిఠాయిలు పంచాడు.

ప్రాక్టీసు మొదలుపెట్టిన రెండవ సంవత్సరంలో ఒక తల్లి చంకలో పసిబిడ్డతో వచ్చింది. భర్త వదిలేసి వేరే జిల్లాలో కాపురం పెట్టాడు. భరణం కోసం పిటిషన్ వేయాలి. భర్త ఉన్న ఊరి కోర్టులోనే వేయాలనుకున్నాను, అక్కడే వేశాను. పద్నాలుగు నెలలపాటు ప్రతి వాయిదాకూ ఆమె తెల్లవారుజామున బస్సెక్కి, రాత్రికి ఇల్లు చేరేది. చివరకు మా సీనియర్ గారి గుమాస్తా, పదవ తరగతి కూడా దాటని మనిషి, ఫైలు తిరగేసి “భార్య ఉన్న చోటనే వేయవచ్చు కదా సార్” అన్నాడు. నేరప్రక్రియా స్మృతి 126వ సెక్షన్‌లో ఆ మాట స్పష్టంగా ఉంది. తరగతి గదిలో ఒక్క గంట ఎవరైనా ఆ సెక్షన్ చెప్పి ఉంటే ఆమెకు పద్నాలుగు నెలల బస్సు ప్రయాణం తప్పేది. నాకు చదువు చెప్పని కళాశాలకు ఆ బస్సు ఛార్జీలు కట్టింది ఆమె.

అందుచేత కళాశాల ఎంపిక అంటే సీటు దొరకడం, ఫీజు కట్టడం మాత్రమేనని నేను అనుకోలేను.

మనకు ఎదురుగా రెండు దారులున్నాయి. మొదటిది జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు పోయే దారి. 1987లో బెంగళూరులో నేషనల్ లా స్కూల్, 1998లో హైదరాబాదులో నల్సార్, 2008లో విశాఖపట్నంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం స్థాపితమయ్యాయి. వీటిలో ఐదేళ్ళ కోర్సు ప్రవేశానికి క్లాట్ అనే పరీక్ష రాయాలి. రెండు గంటలలో 120 ప్రశ్నలు. తప్పు జవాబుకు పావు మార్కు కోత. ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది. పొడవాటి పేరాలు చదివి అర్థం చేసుకొని జవాబు గుర్తించాలి. పరీక్ష సాధారణంగా డిసెంబరులో జరుగుతుంది కనుక ఇంటర్ ఫలితాలు వచ్చాక చూద్దామనుకొనేవారు ఆ సంవత్సరానికి అప్పటికే ఆలస్యమైనట్లు లెక్క. ఖర్చు కూడా తక్కువేమీ కాదు: ఐదేళ్ళకు పది లక్షలకు పైబడుతుంది.

అయితే ఈ దారి మనది కాదని ముందే తలుపు వేసుకోవద్దు. కేరళలోని కొల్లంకు చెందిన శమ్నాద్ బషీర్ బెంగళూరు లా స్కూల్‌లో చదివి పేరుగాంచిన ఆచార్యుడయ్యాడు. ఈ విశ్వవిద్యాలయాలలో పల్లెటూరి పిల్లలు, పేదలు, మాతృభాషా మాధ్యమంలో చదివినవారు ఎందుకు కనిపించడం లేదని ఆయన బాధపడ్డాడు. 2010లో ఐడియా అనే సంస్థను ప్రారంభించి, అలాంటి పిల్లలను వెతికి పట్టుకొని, క్లాట్‌కు శిక్షణ ఇప్పించి, సీటు వచ్చాక చదువుకు సహాయం దొరికే ఏర్పాటు చేశాడు. 2019లో నలభై మూడేళ్ళ వయసుకే ఆయన మరణించాడు. సంస్థ మాత్రం ఆగిపోలేదు. మన కదిరి డివిజన్‌లో ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచే ఇంగ్లీషు పత్రిక చదివే అలవాటున్న పిల్లవాడు ఎవరైనా ఉంటే, వాణ్ణి ఈ దారిన పంపడానికి ఊరంతా పూనుకోవాలి. అలాంటి బిడ్డలు ఊరికి ఒకరో ఇద్దరో ఉంటారు. మిగిలినవారి మాట ఏమిటి?

వారికి రెండవ దారి లాసెట్. డిగ్రీ తర్వాత మూడేళ్ళ కోర్సుకు, ఇంటర్ తర్వాత ఐదేళ్ళ కోర్సుకు రాష్ట్ర ప్రభుత్వం తరఫున జరిగే పరీక్ష ఇది. తొంభై నిమిషాలలో 120 ప్రశ్నలు. తప్పుకు కోత లేదు. ప్రశ్నలు తెలుగులోనూ ఉంటాయి. అనంతపురం, కర్నూలు, కడప, తిరుపతి పట్టణాలలో ఉన్న న్యాయ కళాశాలలకు దీని ద్వారానే పోతాము. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. 1983లో ఆడపిల్లల కోసమే స్థాపించిన శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయంలోనూ న్యాయశాస్త్ర విభాగం ఉంది. బిడ్డను దూరం పంపడానికి జంకే తల్లిదండ్రులు మదనపల్లె మీదుగా ఒకసారి అక్కడికి వెళ్ళి, హాస్టలు చూసి, వార్డెన్‌తో మాట్లాడి రావచ్చు.

రిజర్వేషన్ విషయంలో మన ఇళ్ళలో ఇంకా గందరగోళం ఉంది. 2007 చట్టం ప్రకారం రాష్ట్రంలో బీసీ-ఈ వర్గానికి నాలుగు శాతం ఉంది. 2010లో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసినా, అదే ఏడు మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగుతోంది. షేక్‌లు ఇందులో ఉన్నారు. సయ్యద్‌లు, పఠాన్‌లు, మొఘల్‌లు లేరు. దూదేకులవారు బీసీ-బి కిందికి వస్తారు. ముస్లింలందరికీ రిజర్వేషన్ ఉందని నమ్మి ధ్రువపత్రం కోసం చివరి రోజున తహసీల్దార్ కార్యాలయానికి పరుగెత్తేవారిని ప్రతి ఏటా చూస్తున్నాను. కేంద్ర ఓబీసీ జాబితా వేరు, రాష్ట్ర బీసీ జాబితా వేరు. రెంటిలో మీ పేరు ఉందో లేదో విడివిడిగా చూసుకోండి. ఏదీ వర్తించని పేద కుటుంబాలు ఈడబ్ల్యూఎస్ సంగతి అడగాలి.

ఇంకొక హెచ్చరిక. దూరవిద్యలో ఇచ్చే లా డిగ్రీతో వకీలుగా నమోదు కావడం కుదరదు. పదవ తరగతి, ఇంటర్ లేకుండా నేరుగా సార్వత్రిక విశ్వవిద్యాలయం నుంచి డిగ్రీ పొందినవారికి లా ప్రవేశానికి అర్హత లేదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనలు చెబుతున్నాయి. పెళ్ళి తర్వాత అలా డిగ్రీ పూర్తిచేసిన చెల్లెమ్మలు మనలో చాలామంది ఉన్నారు. ఫీజు కట్టకముందే దీనిని సరిచూసుకోవాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. లాసెట్‌లో ర్యాంకు వచ్చింది, కౌన్సెలింగ్‌లో నాలుగైదు కళాశాలల పేర్లు కనిపిస్తున్నాయి. వాటిలో ఏది మంచిదో ఎలా తెలుస్తుంది? ప్రకటనలు చూడవద్దు, అద్దాల మేడ చూసి మోసపోవద్దు. సెలవు కాని ఒక మంగళవారమో బుధవారమో ఉదయం పదకొండు గంటలకు చెప్పకుండా వెళ్ళండి. తరగతి గదులలో పిల్లలు ఉన్నారా, చూడండి. ప్రతి సబ్జెక్టులో డెబ్భై శాతం హాజరు ఉండాలని బార్ కౌన్సిల్ నియమం. “రోజూ రానక్కరలేదు, హాజరు మేము చూసుకుంటాము” అని ఎవరైనా నవ్వుతూ చెబితే, ఆ నవ్వు వెనుక నా పద్నాలుగు నెలల కథ ఉన్నదని గుర్తుంచుకోండి. మన కుర్రవాళ్ళలో కొందరికి ఆ మాటే తీపి. పని చేసుకుంటూ డిగ్రీ వస్తుందని సంబరపడతారు. వారిని నేను తప్పుపట్టలేను, ఇంటి పరిస్థితి అలాంటిది. కానీ ఆ డిగ్రీతో కోర్టుకు వచ్చినవారిలో ఎందరు ఐదేళ్ళ తర్వాత కోర్టులో మిగిలారో కదిరి బార్‌లో ఎవరిని అడిగినా చెబుతారు.

తర్వాత గ్రంథాలయానికి వెళ్ళండి. భారతీయ న్యాయ సంహిత, నాగరిక సురక్షా సంహిత, సాక్ష్య అధినియమం 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చాయి. వాటి పుస్తకాలు బీరువాలో ఉన్నాయా, లేక ఇంకా పాత శిక్షాస్మృతే ఉందా? నేను ఇందాక చెప్పిన భరణం సెక్షన్ 125 ఇప్పుడు 144 అయింది. అధ్యాపకుడు దానిని చెబుతున్నాడా?

మూడవది, చివరి సంవత్సరం విద్యార్థిని ఒకరిని పట్టుకొని ఆమె డైరీ చూపించమనండి. నిబంధనల ప్రకారం ప్రతి విద్యార్థీ ఒక సివిల్ కేసు, ఒక క్రిమినల్ కేసు విచారణను కోర్టులో కూర్చొని గమనించి రాయాలి. వకీలు ఆఫీసులో కక్షిదారు మాటలు విని రాయాలి. మూట్ కోర్టులో వాదించాలి. ఐదేళ్ళ కోర్సులో ఇరవై వారాలు, మూడేళ్ళ కోర్సులో పన్నెండు వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. దస్తావేజులు, ప్లెయింటు, అఫిడవిట్ రాయడం ఒక ప్రత్యేక పేపరు. ఇవన్నీ ప్రతి కళాశాల కాగితాల్లోనూ ఉంటాయి. ఆ డైరీ ఆమె సొంతంగా రాసిందా, సీనియర్ల డైరీ చూసి ఎత్తి రాసిందా అన్నది రెండు ప్రశ్నలు అడిగితే బయటపడుతుంది. నా దృష్టిలో కళాశాలకు ఇంతకన్నా మంచి కొలబద్ద లేదు.

పెద్ద పేరు లేని కళాశాలలో చదివితే పైకి రాలేరా? దక్షిణ భారతంలోనే జవాబులున్నాయి. ఫాతిమా బీవి పత్తనంతిట్ట అనే చిన్న పట్టణపు అమ్మాయి. తిరువనంతపురం ప్రభుత్వ లా కాలేజీలో చదివి, 1950లో వకీలుగా నమోదై, కింది కోర్టులలో మొదలుపెట్టి, 1989లో సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి అయ్యారు. ఆమెను న్యాయశాస్త్రం వైపు మళ్ళించినది ఆమె తండ్రి. మన రాష్ట్ర గవర్నర్ అబ్దుల్ నజీర్ గారు మంగళూరులో లా చదివి సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. ఆయన పాల్గొన్న తీర్పులతో ఏకీభవించనివారు ఈ సభలోనే ఉండవచ్చు. అది వేరే చర్చ.

ఈ చదువు మనకు ఎందుకింత అత్యవసరమో ఒక్క ఉదాహరణ చెబుతాను. వక్ఫ్ ఆస్తి ఆక్రమణకు గురైతే ఎన్నేళ్ళ తర్వాతైనా దావా వేయడానికి 1995 చట్టం 107వ సెక్షన్ అవకాశమిచ్చింది. 2025 సవరణ ఆ అవకాశాన్ని తీసివేసింది. సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు ఆ సవరణలోని కొన్ని అంశాలను నిలిపివేసింది గాని, దీనిని నిలపలేదు. అంటే ఖబరస్తాన్ గోడ జరిగిన సంగతి తెలిసిన రోజునే కాగితాలు వెతికి, కాలపరిమితి లెక్కకట్టి, దావా వేయగల మనిషి దగ్గరలో ఉండాలి. హైదరాబాదులోని పెద్ద వకీలు దగ్గరికి మనం చేరేలోపు ఏళ్ళు గడచిపోతాయి. అలాగే, తెలంగాణలో మొదలైన అబ్దుల్ సమద్ కేసులో 2024 జులై 10న సుప్రీంకోర్టు విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా 125 కింద భరణం కోరవచ్చునని తీర్పు చెప్పింది. దానిపై మనలో భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ తీర్పును చదివి అభిప్రాయం చెప్పగలవారు ఈ మండలంలో ఎందరున్నారు? కోర్టులో తీర్పు ఎక్కువగా ఇంగ్లీషులో వస్తుంది. కక్షిదారు తల్లి దక్కనీ ఉర్దూలోనో తెలుగులోనో ఏడుస్తుంది. ఆ రెంటి మధ్య నిలబడగలిగేది మీ బిడ్డే.

డిగ్రీ చేతికి వచ్చాక కూడా తొందరపడనక్కరలేదు. నమోదు రుసుము పేరిట వేలకు వేలు వసూలు చేయకూడదనీ, జనరల్ వారికి 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలు మించరాదనీ 2024 జులై 30న సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత అఖిల భారత బార్ పరీక్ష ఉత్తీర్ణులు కావాలి. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ళ ప్రాక్టీసు తప్పనిసరి అని 2025 మే 20న తీర్పు వచ్చింది. నాకైతే ఆ తీర్పు నచ్చింది, కానీ పేద ఇంటి పిల్లకు ఆ మూడేళ్ళు గడవడం కష్టమే. జూనియర్‌కు సీనియర్ ఇచ్చేది బస్సు ఛార్జీలకు సరిపోతే గొప్ప. ఐదేళ్ళ ఫీజు లెక్క వేసుకొనేటప్పుడే ఈ మూడేళ్ళ ఖర్చునూ కలుపుకొని, చేను అమ్మాలా, అప్పు చేయాలా, స్కాలర్‌షిప్ కోసం తిరగాలా అన్నది ఇంట్లో కూర్చొని నిర్ణయించుకోండి. బిడ్డను కూడా ఆ మాటల్లో కూర్చోబెట్టండి.

వేపచెట్టు కింద అడిగిన తండ్రికి నా జవాబు ఇది: మీ అమ్మాయి ఇంగ్లీషు చదవడం బాగుంటే ఈ డిసెంబరులో క్లాట్ రాయించండి, ఎలాగైనా లాసెట్ కూడా రాయించండి. ర్యాంకు వచ్చిన వారం తిరుపతికి నేను మీతో వస్తాను, ఇద్దరం కలిసి ఆ మంగళవారపు తరగతి గదులు చూద్దాం. ఈ లోగా ఆమెను ఒక రోజు కదిరి కోర్టుకు పంపండి. వెనుక బెంచీలో కూర్చొని సాయంత్రం దాకా చూడనివ్వండి. ఇష్టం కలిగిందో లేదో ఇంటికి వచ్చాక ఆమే చెబుతుంది.

ఇక మీ ప్రశ్నలు వింటాను. ముందుగా వెనుక వరుసలోని చెల్లెమ్మలు అడగండి.