రాళ్ళబాటలలో సైకిలు పందెము

సైకిలు పందెమనగానే చాలమందికి తారు వేసిన రహదారియు, దానిపై వంగి దూసుకొనిపోవు యువకులును మనస్సునకు వత్తురు. మేము ఈ ప్రసంగములో చెప్పబోవు పందెము అట్టిది కాదు. ఇందులో తారు కనబడదు. బండిబాట, కాలిబాట, గుట్ట ఎక్కు దారి, వాగు, ఇసుక, చెట్ల వేళ్ళు, గుండ్రాళ్ళు, ఇవియే పందెపు దారి. దీనిని పర్వత సైకిలు పందెమని పిలుచుచున్నారు. కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములవారికి ఇందులో క్రొత్తది పందెమొక్కటియే. గుట్టబాటలలో సైకిలు నడుపుట ఇక్కడ ఏనాటినుండియో ఉన్నది. కల్లు లొట్లు కట్టుకొని పొలముగట్ల మీదుగా వచ్చు గీత కార్మికుని, తెల్లవారకమునుపే బెల్లంపల్లి, గోదావరిఖని గనులకు మొదటి షిఫ్టునకై తొక్కుకొని పోయిన గని కార్మికుని ఎరుగనివారు ఈ సీమలో ఉండరు. వారెవ్వరును గేరు సైకిళ్ళు ఎక్కినవారు కారు.

ఈ రెండు జిల్లాలు 2016వ సంవత్సరమున అనేక జిల్లాలుగా విడిపోయినవి. అయినను మేము అలవాటుచొప్పున పాత పేర్లతోనే చెప్పుచున్నాము, శ్రోతలు మన్నింతురుగాక.

పందెము పుట్టిన కథ వినదగినది. 1976వ సంవత్సరము అక్టోబరు 21వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, టమల్పాయిస్ పర్వత ప్రాంతములో, కొందరు మిత్రులు చేరి పాతకాలపు బరువైన సైకిళ్ళమీద ఒక కొండదారిని దిగిరి. ఎవరు ఎంతసేపటిలో దిగిరో గడియారముతో లెక్కించిరి. దారి పొడవు రెండు మైళ్ళకు లోపు. దిగుడు మాత్రము సుమారు 1300 అడుగులు. ఆ సైకిళ్ళకు పెడలును వెనుకకు త్రొక్కినచో పడు బ్రేకు ఉండెడిది. దిగునంతసేపును దానిని త్రొక్కిపట్టుటచే చక్రపు ఇరుసు కాగి, లోపలి గ్రీజంతయు పొగయై పోయెడిది. క్రిందికి చేరిన పిమ్మట ఇరుసు విప్పి మరల గ్రీజు కూరవలసి వచ్చెడిది. ఆ పనిని ఇంగ్లీషువారు రీప్యాక్ అందురు. ఆ కొండదారికి అదియే పేరుగా నిలిచినది. గ్యారీ ఫిషర్, జో బ్రీజ్, చార్లీ కెల్లీ అను వారు ఆ మిత్రబృందములోనివారే. పాత సైకిళ్ళు విరిగిపోవుచుండగా, జో బ్రీజ్ 1977లో ఈ పనికొరకే ప్రత్యేకముగా ఒక చట్రమును తయారుచేసెను. 1990లో అమెరికాలోని డురాంగో పట్టణమున ప్రపంచ పోటీలు మొదలైనవి. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో ఈ పందెమునకు చోటు దొరికినది. మన దేశమునకు వచ్చినచో, 2023 అక్టోబరు నెలలో ఆసియా పోటీలు కేరళలోని పొన్ముడి కొండలమీద జరిగినవి.

నేటి పందెములో అందరును ఒక్కసారిగా బయలుదేరుదురు. నాలుగైదు కిలోమీటర్ల చుట్టును పలుమార్లు తిరుగవలెను. గెలుచువారికి సుమారు గంటన్నర పట్టును. మొదటి చుట్టునకు ముందున్నవానికి పట్టిన కాలములో నూటికి 80 వంతులు వెనుకబడినవానిని నిర్వాహకులు దారినుండి తప్పింతురు. ఇది కఠినముగా తోచవచ్చును గాని, ఇరుకు బాటలో అలసి ఆగినవాడు వెనుకవచ్చు వారికందరకు అడ్డమగును గదా. మరమ్మతునకు ఎక్కడబడిన అక్కడ ఎవరి సాయమును పొందరాదు. నిర్ణయించిన చోట మాత్రమే చక్రము మార్చుకొనవచ్చును. 2024లో పారిస్ ఒలింపిక్ పందెమున ఇంగ్లండుకు చెందిన టామ్ పిడ్కాక్ టైరునకు పంక్చరు పడి, అర నిమిషమునకు పైగా పోగొట్టుకొని, మరల అందరిని దాటి గెలిచెను.

పంక్చరు మాట వచ్చినది కనుక మా ప్రాంతపు పల్లేరుకాయను గూర్చి ఒక్క మాట చెప్పవలసియున్నది. దానిని ఎట్లు పడవేసినను ఒక ముల్లు పైకి నిలిచియే ఉండును. ఎండాకాలమున బండిబాట అంచుల వెంబడి అది రాలి యుండును. ఈ సైకిళ్ళ టైర్లలో ట్యూబు లేకుండ జిగురువంటి ద్రవము పోయుదురు. ముల్లు దిగినచోట ఆ ద్రవము ఉబికి వచ్చి, గట్టిపడి, రంధ్రమును మూయును. పల్లేరుకాయను అది తట్టుకొనును. తుమ్మముల్లు మాత్రము మాకు అనేకసార్లు ఓటమి రుచి చూపినది.

మరియొక వింత. 29 అంగుళముల చక్రమని గొప్పగా చెప్పుకొను ఈ సైకిలు రిమ్మును మన ఊళ్ళలోని నల్లని పాత సైకిలు రిమ్ముతో పోల్చి చూచితిమి. పాతదే కొంచెము పెద్దది! లావైన టైరు వలననే క్రొత్త సైకిలు చక్రము పెద్దదిగా కనబడుచున్నది. అసలు భేదము టైరులోని గాలిలోను, గేర్లలోను, ముందు ఫోర్కులోని స్ప్రింగువంటి ఏర్పాటులోను ఉన్నది. పాత సైకిలునకు గాలి గట్టిగా కొట్టింతుము. రాళ్ళబాటలో అట్లు చేసినచో చక్రము రాయి తగిలినప్పుడెల్ల ఎగిరిపడును. గాలి తగ్గించినచో టైరు రాతిని హత్తుకొని నడుచును.

ఇక దారుల సంగతి. గోదావరికి దక్షిణమున కరీంనగరు వైపు గ్రానైటు గుట్టలు, ఎర్రని చెలక నేలలు. ఎలగందుల కోట పరిసరములలో తిరిగినవారికి ఆ రాతి గరుకుదనము తెలియును. పొడిగా ఉన్న గ్రానైటు బండమీద టైరు చక్కగా పట్టును. బండమీద పరచుకొనిన మొరము మాత్రము ప్రమాదకరము. గచ్చుమీద జొన్నలు చల్లి నడిచినట్లుండును. అచ్చట ముందు బ్రేకు గట్టిగా పట్టినవాడు తప్పక పడును. ఎక్కునప్పుడు సీటుమీదినుండి లేచి త్రొక్కినచో వెనుక చక్రము ఉత్తగా తిరుగును. వానపడిన రెండు గంటలలో చెలక నీరు పీల్చుకొని నడువనిచ్చును. ఇది ఎంత పెద్ద వరమో నదికి ఉత్తరమున పోయినగాని మాకు తెలిసిరాలేదు.

ఆదిలాబాదు పైభాగమున టేకు అడవులు, పొలములలో నల్లరేగడి. నేరేడిగొండ దగ్గర కుంటాల జలపాతమున కడెము నది సుమారు 45 మీటర్లు దూకుచున్నది. సైకిలువారికి ఇంతకంటె అందమైన ప్రదేశము దొరకదని మేము తలచితిమి. 2012లో కవ్వాల అడవి పులుల సంరక్షణ కేంద్రమైనది. దాని లోపలి బాటలు పులికి, అచ్చటి గ్రామములవారికి సంబంధించినవి; అనుమతి లేనిదే పోదగినవి కావు. కనుక అడవిని విడిచి, బోథు వైపు పొలముల నడుమ, మేము నలుగురు మిత్రులము మాలో మేమే ఒక పందెము పెట్టుకొంటిమి. చెరువుకట్ట, ఒక చిన్న గుట్ట, వాగు, తిరిగి బండిబాట, ఇది ఐదు కిలోమీటర్ల చుట్టు, ఐదుమార్లు తిరుగవలెను. తొలకరి పడి కొన్ని దినములైనది. పైన నేల ఆరియున్నది. ఎవ్వరిని అడుగకయే బయలుదేరితిమి.

రెండు చుట్లు హాయిగా సాగినవి. మూడవ చుట్టులో గుట్ట దిగుచుండగా వాన వచ్చినది. పెద్ద వాన కాదు, పావుగంట జల్లు. బండిబాటకు చేరునప్పటికి రేగడి చక్రమునకు అంటుకొన మొదలిడినది. ముందు టైరు ఒక తాటికాయంత లావైనది, పిమ్మట ఫోర్కులో ఇరుకుకొని చక్రము తిరుగుటయే మానివేసినది. గొలుసునిండ బంకమట్టి. బలముకొలది త్రొక్కిన మిత్రుని వెనుక గేరును చట్రమునకు పట్టియుంచు చిన్న లోహపు ముక్క విరిగినది. అది విరుగుటకే ఉన్న ముక్క. అది విరుగకున్నచో చట్రము విరుగును. సైకిళ్ళు భుజముల కెత్తుకొంటిమి. మట్టితో వాటి బరువు రెట్టింపైనట్లుండెను. గట్టుమీద గొంగడి కప్పుకొని నిలిచిన ఒక వృద్ధుడు మమ్ము చూచి, "గీ రేగట్ల ఎడ్లే అడుగెయ్యయి, మీ సైకిలేం నడుస్తదయ్యా" అనెను.

అప్పుడు మేము చేసిన పని చెప్పుటకు సిగ్గుగానే ఉన్నది. ప్రక్క చేనిలో నేల కొంచెము గట్టిగా కనబడినది. పందెములో వెనుకబడుదుమేమో అను తొందరలో ముగ్గురము సైకిళ్ళు దింపి ఆ చేను అంచున తోసుకొని పోతిమి. అది అచ్చు తోలి, ఒక్కొక్క గింజగా పత్తి పెట్టిన చేను. నేల పైకి మొలకలేమియు కనబడలేదు. అవతలి కొసనుండి ఒక ముసలమ్మ కొంగు బిగించి పరుగున వచ్చినది. ఆమె తిట్టలేదు. "బిడ్డా, ఆ సాళ్ళల్ల గింజలున్నయి. మీరేమో పందెమాడుతున్నరు. మాకు మల్ల గింజలేడికెల్లి వస్తయి?" అని అడిగినది. ఈ పత్తి గింజ ఇంటిలో దాచుకొను గింజ కాదు. ప్రతి ఏడు ప్యాకెట్టు కొనవలసినదే. తొలకరి పదును దాటినచో ఆ పంట వెనుకబడినట్లే. మాకు అర నిమిషము పోవునను భయము. ఆమెకు సంవత్సరపు పంట.

పందెము అచ్చటనే ఆగినది. డబ్బు ఇయ్యబోయితిమి. ఆమె తీసికొనలేదు. విత్తనపు సంచిలో మిగిలిన గింజలున్నవనియు, పోగుంటలు నింపుటకు ఎట్లును మనుషులు కావలెననియు చెప్పినది. మరునాడు ఉదయమున నేల కొంచెము ఆరిన పిమ్మట వచ్చి, మా చక్రములు, చెప్పులు తొక్కిన సాళ్ళలో ఆమె చూపినట్లు వ్రేలితో గుంట చేసి గింజ పెట్టి మట్టి కప్పితిమి. గుట్ట ఎక్కుటకంటె నడుము ఎక్కువ నొచ్చినది. ఆమె మా వెనుక నడచుచు లోతు ఎక్కువైనచోట మరల తీయించినది.

ఆ తరువాత మేము కాలమును బట్టి పందెపు స్థలమును మార్చుకొంటిమి. వానకాలమున కరీంనగరు చెలకలు, గ్రానైటు గుట్టలు. పత్తి ఏరుట ముగిసి రేగడి ఆరిన పిమ్మట ఆదిలాబాదు. అప్పుడు నేల నెర్రెలు విచ్చి ముందు చక్రమును మ్రింగజూచును. టేకు ఆకులు రాలి రాళ్ళను కప్పివేయును. ఆ కష్టములు వేరు. చేనిగల వారిని ముందుగా అడిగి, దారికి ఇరువైపుల సున్నముతో గీతలు గీచిన తరువాతనే చక్రము కదలించుచున్నాము.

పదునైదు దినములు గడచిన పిమ్మట ఆ చేను చూడబోతిమి. ఆకులు రెండేసి విచ్చుకొని యున్నవి. తక్కిన సాళ్ళన్నియు తీగ లాగినట్లు తిన్నగా ఉన్నవి. ఒక అంచున మాత్రము మొక్కలు వంకరటింకరగా, ఒకచోట రెండు, ఒకచోట ఏమియు లేక ఉండినవి. అవి ఎవరు పెట్టినవో ఆమె చెప్పనక్కరలేకపోయినది.