ఆస్బెస్టాస్ దుమ్ము పీల్చాం, కేసు వేయొచ్చా?

సన్నీవేల్ నుంచి మాట్లాడుతున్నా. పోయిన వారం ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు: "అన్నా, పాత ఇల్లు పడగొట్టే పనిలో ఆస్బెస్టాస్ దుమ్ము పీల్చాను, ఇప్పుడే కేసు వేయొచ్చా?" అని. ఈ రోజు దాని గురించే. నేను లాయర్ని కాదు, ఐటీఐ చదివి సైట్లు నడిపేవాణ్ణి. చెప్పేది కాలిఫోర్నియా సంగతి. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి చట్టం వేరు, గడువులు వేరు.

మన ఊళ్ళో సిమెంటు రేకు తెలీని వాళ్ళెవరు? అందులో కలిపేది ఇదే. పులివెందుల దగ్గర దీని గనులే ఉండేవి. ఇక్కడ సన్నీవేల్‌లో 1950లు, 60లలో కట్టిన ఇళ్ళు వీధులకి వీధులే ఉన్నాయి. తొమ్మిదంగుళాల ఫ్లోర్ టైల్స్, వాటి కింద నల్ల జిగురు, గరుకుగా ఉండే పాప్‌కార్న్ సీలింగ్, హీటర్ గొట్టాలకి చుట్టిన తెల్ల టేపు, వీటిలో ఉండొచ్చు. కదపనంత సేపు పెద్ద భయం లేదు. గీకినా, కోసినా కంటికి కనపడని పోగులు ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి.

తమ్ముడికి జవాబు: జబ్బు ఏమీ లేకుండా, పీల్చానన్న మాట ఒక్కటే పట్టుకుని వెళ్తే కేసు నిలబడటం చాలా కష్టం. జబ్బేమో ఇరవై, ముప్పై, నలభై ఏళ్ళకి బయటపడుతుంది. మరి అప్పటికి గడువు దాటిపోదా? దాటదు. ఇక్కడి చట్టంలో లెక్క దుమ్ము పీల్చిన రోజు నుంచి కాదు. ఆ జబ్బు వల్ల పని మానాల్సి రావాలి, దానికి ఆస్బెస్టాసే కారణమని మనకి తెలియాలి, లేదా తెలిసి ఉండాల్సింది అని కోర్టు అనుకోవాలి. ఈ రెండిట్లో ఏది తర్వాత జరిగితే అక్కడి నుంచి ఒక్క ఏడాది. ఒక్కటంటే ఒక్కటే! డాక్టరు ఆ మాట అన్న రోజునే గడియారం తిరగడం మొదలైందనుకోండి, తప్పు లేదు.

దారులు రెండు. మొదటిది వర్కర్స్ కాంప్. యజమాని తప్పు అని నిరూపించక్కర్లేదు. మీరు చెప్పిన తర్వాత ఒక్క పనిరోజులో ఆయన డీడబ్ల్యూసీ-1 అనే క్లెయిమ్ ఫారం ఇవ్వాలి. ఫారం నింపి ఇచ్చాక, క్లెయిమ్ ఒప్పుకునేదీ లేనిదీ తేలేలోపు 10,000 డాలర్ల దాకా వైద్యం చేయించాలి. 90 రోజుల్లో కాదనకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. కాగితాలు లేనివాళ్ళకీ ఈ హక్కు ఉంది. "ఇమిగ్రేషన్‌కి చెప్తా" అని బెదిరిస్తే అది ఇంకో నేరం కిందికి వస్తుంది, భయపడకండి.

రెండోది కోర్టు దావా. ఇది మామూలుగా మన యజమాని మీద కుదరదు, ఆ సరుకు తయారు చేసిన కంపెనీల మీద. అవి దివాలా తీశాయి కదా అంటారు. జాన్స్ మాన్విల్ 1982లో దివాలా దరఖాస్తు పెట్టింది, కానీ బాధితుల కోసం ఏర్పాటైన ట్రస్టు 1988 నుంచి నడుస్తోంది. అలాంటి ట్రస్టులు ఇంకా చాలా ఉన్నాయి.

ఏ దారిలో వెళ్ళినా వాళ్ళడిగేది ఒకటే: ఎక్కడ, ఎప్పుడు, ఏ సరుకుతో పని చేశావు? ముప్పై ఏళ్ళ తర్వాత ఎవరికి గుర్తుంటుంది? మన సుప్రీంకోర్టు 1995లోనే ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డు 40 ఏళ్ళు దాచమని ఫ్యాక్టరీలకి చెప్పింది. ఇక్కడ కూడా రికార్డులు 30 ఏళ్ళు ఉంచాలని రూలు ఉంది. కానీ చిన్న కాంట్రాక్టరు మూడేళ్ళకే షట్టర్ దించేస్తే ఎవణ్ణి అడుగుతాం? అందుకే సైటు అడ్రసు, తేదీలు, ఫోర్‌మన్ పేరు, పక్కన చేసినవాళ్ళ నంబర్లు ఫోన్‌లో రాసుకోండి. డబ్బా మీద లేబుల్ ఫోటో తీయండి. జీతం చీటీలు పారేయకండి. ఇండియా వెళ్ళిపోయేటప్పుడు వీటిని ఇంట్లో వాళ్ళ దగ్గర కూడా ఒక కాపీ పెట్టండి, ఎందుకంటే మనిషి పోయాక కేసు వేసేది వాళ్ళే. వాళ్ళకీ గడువు ఏడాదే.

లాయరు ఫీజు గురించి చాలామంది అడుగుతారు. వర్కర్స్ కాంప్‌లో ముందుగా ఏమీ కట్టక్కర్లేదు. వచ్చినదాంట్లోంచి ఎంత ఇవ్వాలో జడ్జి ఒప్పుకోవాలి. ముందే డబ్బు అడిగినవాడి దగ్గర సంతకం పెట్టకండి.