చెరువు పక్షుల లెక్క



వానలు వెలిసి శరత్తు ప్రవేశింపగనే సిద్దిపేట ప్రాంతపు చెరువులకు ఉత్తరదేశముల నుండి నీటిపక్షులు వచ్చుట క్రొత్త సంగతి కాదు. రాజహంసలు మానససరోవరమునకు పయనమగుట కాళిదాసు మేఘసందేశమున కలదు. కవులు తొలకరి మేఘమును చూచి హంసలు కదలుననిరి. కాని, పలువురు ఆ హంసగా నెంచుచున్న, తలపై రెండు నల్లని చారలుగల పెద్దబాతు మార్చి, ఏప్రిల్ నెలలలోనే దక్షిణదేశమును వీడి హిమాలయములను దాటును. తొలకరినాటికి టిబెట్టు, మంగోలియా ప్రాంతపు సరస్సులకడ పిల్లలను పెంచుచుండును. కవికి తేదీ వ్రాసికొను పని లేదు. లెక్క వ్రాయువానికి కలదు.

1931-32లో సలీం అలీ హైదరాబాదు రాజ్యమున పక్షులను పరిశీలించి, ఆ వివరములను బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో ప్రకటించెను. 1987 నుండి ఆసియా నీటిపక్షుల గణన ఏటేట జనవరిలో జరుగుచున్నది. అప్పటికి పక్షులు ఒకచోట కుదురుకొనును గనుక మొత్తము తేలును. ఆశ్వయుజ కార్తికములలో అట్లు కాదు. అవి బాటసారులు. నేడు కనబడిన నూఱును వారమునకు కనబడిన నూఱును ఒకటే యని చెప్పవీలులేదు, రెంటిని కూడరాదు. శరత్కాలపు లెక్క చెప్పునది రాకపోకల క్రమము. అందుచే ఒక చెరువును వారమున కొకమాఱు, ఒకే వేళకు చూడవలెను.

ప్రొద్దుపొడుపున సూర్యుని వీపువైపు నుంచుకొని నిలువవలెను. ఒకరు చూచి చెప్పుచుండగా మఱొకరు వ్రాయవలెను. గుంపు పెద్దదైనచో ముందు పదింటిని లెక్కించి, ఆ పది ఎంత జాగా ఆక్రమించునో కనిపెట్టి, ఆ కొలతతో తక్కిన గుంపును కొలువవలెను. ఈ ఋతువున ఒక చిక్కు కలదు. అనేక జాతుల మగబాతులు అప్పటికింకను తమ వన్నె తిరిగి పొందక, ఆడబాతులవలె మాసిన రంగున నుండును. గ్రంథములోని రంగుల పటమును చూచి మోసపోవుట సులభము. తెలియనిచో ‘బాతులు, జాతి తెలియదు’ అని వ్రాయుటయే సత్యము. నామాలకోడిని, జక్కవను పోల్చుట మాత్రము పిల్లలకును కష్టము కాదు.

అసలు విషయము వేఱు. నీటిమట్టము వ్రాయని పక్షిలెక్క అబద్ధపు లెక్క. మత్తడి దుమికిన ఏట నీరు అంచులదాక లోతై, బురదలో మేయు ఉల్లంకులకు చోటుండదు. కుంటకుంటకును నీరుండుటచే బాతులును చెదరిపోవును. ఆ ఏడు అంకె తగ్గినంత మాత్రమున పక్షి తగ్గినదనుట తొందరపాటు. కఱవు ఏట మిగిలిన ఒక్క చెరువున పక్షులన్నియు చేరి అంకె పెరుగును. అది సమృద్ధి కాదు. బతుకమ్మలను నీట విడుచు మెట్లలో ఎన్ని మునిగియున్నవో అదే వరుసలో వ్రాసినచో ఈ భ్రమ తొలగును.

ఇప్పుడు ఈ జిల్లాలో నీటి తీరే మారినది. 2020లో రంగనాయక సాగరము, కొండపోచమ్మ సాగరము, 2022లో మల్లన్న సాగరము గోదావరి జలములతో ప్రారంభమైనవి. మల్లన్న సాగరమొక్కటే 50 టీఎంసీల జలాశయము. సేద్యమునకు అది వరము. కాని నీట తలక్రిందులై మేయు బాతుకు కావలసినది లోతు కాదు, మోకాలిబంటి నీరు. అది దొరకునది పాత చెరువుల శిఖం భూములలోనే. శిఖమున మట్టి పోసి చదును చేయువారు ‘ఇచట పక్షులెన్నడు వచ్చినవి?’ అని అడిగిననాడు చూపుటకు ఒక పుస్తకముండవలదా? జ్ఞాపకము సాక్ష్యమునకు చాలదు.

ఆ పుస్తకము ఈ గ్రంథాలయపు బీరువాలో నుండదగినది. గళ్ళు ఎక్కువ అక్కఱలేదు: తేదీ, వేళ, చెరువు పేరు, మునిగిన మెట్లు, పక్షి, సంఖ్య, చూచినవారి సంతకము. పక్షి యొకటియు కానరాని ఉదయమున ఆ గడి ఖాళీగా విడువరాదు, అడ్డుగీత గీయరాదు. ‘లేవు’ అని వ్రాసి సంతకము చేయవలెను.