మూడవ పిన్ను

పెరటి గోడకు కొక్కెము బిగింపదలచి, నేనొకనాడు పైభాగమంతయు లోహమేయైన పాత డ్రిల్లు చేతబట్టితిని. నేల తడి, కాళ్లకు చెప్పులు లేవు. మీట నొక్కగనే చేయి జివ్వుమన్నది. అదృష్టవశమున యంత్రము చేజారినది.

విప్పి చూడగా, లోపలి తీగ తొడుగు ఒరసిపోయి లోహమునకు తగులుచున్నది. అంతకంటె పెద్ద దోషము ఎక్స్‌టెన్షన్ వైరుది. దానిలో రెండే తీగలు! డ్రిల్లుకు మూడు పిన్నులున్నను ఎర్తు దారి నడుమనే తెగినది. ఆ దారియే యున్నచో విద్యుత్తు అటు పోయి, ఫ్యూజు మాడి, యంత్రము ముందే నిలిచిపోయెడిది. ఎర్తు పిన్ను తక్కినవానికంటె పొడవుగ నుండుట, అది ముందు తగులుకొని చివర విడివడుటకే. సాకెట్టులో పట్టలేదని దానిని కోసివేయువారిని నేనెరుగుదును. వారి ధైర్యము నాకు లేదు.

చదరములో చదరము గుర్తుగల పరికరములకు రెండు పొరల రక్షణ కలదు గనుక ఎర్తు అక్కరలేదు. తక్కినవానికి మూడు తీగల వైరే వాడవలెను. దానిని చుట్టగనే యుంచి పెద్ద యంత్రము నడిపినచో లోన వేడి చేరి తొడుగు కరగును, పూర్తిగ విప్పవలెను. పోయిన విద్యుత్తుకును తిరిగివచ్చినదానికిని 30 మిల్లీ ఆంపియర్ల తేడా రాగనే సరఫరా నాపు ఆర్.సి.సి.బి. బజారులో దొరకును. మరునాడే నేను బోర్డులో పెట్టించితిని. ఆ రెండు తీగల వైరును ముక్కలుగ కోసి పారవేసితిని, ఇంటిలో నెవరైన మరల వాడుదురేమోయని.