పక్కసీటు మనిషి



ఈవేళ మీతో విమానాల గురించి మాట్లాడదామనుకుంటున్నాను. గట్టు మనిషికి విమానాలతో ఏం పని అనుకోకండి. గద్వాల నుంచి ఎర్రవల్లి చౌరస్తాకు వచ్చి హైదరాబాదు బస్సెక్కితే, నగరం రాకముందే శంషాబాదు విమానాశ్రయం తగులుతుంది. 2008లో అది తెరిచినప్పటినుంచీ మావైపు తల్లులు కూడా కూతుళ్ల పురుళ్లకు, కోడళ్ల పురుళ్లకు అమెరికా వెళ్లి వస్తూనే ఉన్నారు. పూర్వం మా మగ్గాల మీద నేసిన చీరలే దూరదేశాలు పోయేవి. ఇప్పుడు ఆ చీరలు కట్టుకున్నవాళ్లూ పోతున్నారు.

మా పెద్ద ఆడపడుచు అలాగే వెళ్లివచ్చింది. వచ్చాక నాకు రెండు సంగతులు చెప్పింది. ఒకటి ఒక్క ముక్కలో చెప్పింది. రెండోది గంటసేపు చెప్పింది.

గంటసేపు చెప్పినది ఇది. అక్కడ దిగాక ఆవిణ్ణి వరసలోంచి పక్కకు పిలిచారట. పెట్టె విప్పించారట. అందులో ఏముంటాయి? బాలింతకు కారప్పొడి, శొంఠిపొడి, పసివాడికి వసకొమ్ము, ఒక పొట్లంలో బియ్యప్పిండి. ఆ తెల్లటి పొడి ఏమిటో చెప్పడానికి ఆవిడకు ఇంగ్లీషు రాదు, వాళ్లకు తెలుగు రాదు. "ముప్పావుగంట నిలబెట్టిన్రు వదినె! నా మొగం జూస్తే దొంగ లెక్క కనపడ్డదేమో వాళ్లకు!" అని ఆ మాట చెప్పినప్పుడల్లా కళ్లనీళ్లు పెట్టుకుంటుంది.

ఇక ఒక్క ముక్కలో చెప్పినది: ఎక్కేటప్పుడు పక్కసీటులో గడ్డం పెంచుకుని తెల్లటోపీ పెట్టుకున్న కుర్రవాడు కూర్చుని జపమాల తిప్పుతున్నాడట. భయమేసి, సీటు మార్చమని ఎయిర్ హోస్టెసును పిలిచిందట. ఆ పిల్లవాడే లేచి, "మీరు కూర్చోండి ఆంటీ" అని తెలుగులోనే చెప్పి వెనక్కి వెళ్లిపోయాడట. అన్నట్టు, విమానం కదిలేదాకా మా వదినె కూడా ఆంజనేయ దండకం చదువుతూ పెదవులు కదుపుతూనే ఉందిట.

ఈ రెండు సంగతులకూ చుట్టరికం ఉందని ఆవిడకు ఈనాటికీ తోచలేదు. ఆవిడనొక్కదాన్నే అనను. మనలో ఎంతమందికి తోస్తుంది చెప్పండి?

భయం ఊరికే పుట్టలేదు, నిజమే. 1985 జూన్ 23న ఎయిరిండియావారి కనిష్క విమానం అట్లాంటిక్ సముద్రం మీద పేలి 329 మంది పోయారు. 1999 డిసెంబరు 24న కాట్మండు నుంచి ఢిల్లీ వస్తున్న విమానాన్ని దారి మళ్లించి కాందహారు తీసుకుపోయి, ప్రయాణికులను వారంరోజులు నిర్బంధించారు. 2001 సెప్టెంబరు 11 సంగతి చెప్పనే అక్కర్లేదు. భయపడవద్దు అనడం తేలిక. పిల్లల్ని వెంటబెట్టుకుని ఎక్కిన తల్లికి ఆ మాట ఎలా చెప్తాం?

అయితే ఆ భయంలోంచి పనికొచ్చే ఏర్పాట్లు పుట్టాయి. కనిష్కలో బాంబున్న పెట్టె ఎక్కింది గాని, దాని సొంతదారు ఎక్కలేదు. అందుకే ఇప్పుడు పెట్టె ఇచ్చిన మనిషి విమానం ఎక్కకపోతే, ఎంత ఆలస్యమైనా సరే, ఆ పెట్టెను వెతికి దింపేస్తారు. మనం లోపల కూర్చుని విసుక్కుంటాం గాని, అది మన మంచికే. 2006 ఆగస్టులో నీళ్లసీసాల్లో పేలుడు ద్రవాలు పెట్టి విమానాలు కూల్చాలన్న కుట్ర లండనులో బయటపడ్డాక, చేతిసంచిలో ద్రవపదార్థాలకు వంద మిల్లీలీటర్ల కట్టడి వచ్చింది. అమెరికా వెళ్లేవారు ఊరగాయ, నెయ్యి పెద్దపెట్టెలోనే సర్దుకోవాలని నేను అందరికీ చెప్పేది అందుకే. ఈ ఏర్పాట్లన్నీ పెట్టెను చూస్తాయి, సీసాను చూస్తాయి. యంత్రానికి గడ్డం తెలియదు, బొట్టు తెలియదు.

మనిషి కంటికే అవి కనబడతాయి. ఆ 2006 ఆగస్టులోనే స్పెయిను నుంచి మాంచెస్టరు వెళ్లే విమానంలో, ఇద్దరు యువకులు అరబ్బీ మాట్లాడుతున్నారని అనుమానపడి కొందరు ప్రయాణికులు మేము ఎక్కమని మొండికేశారు. చివరికి ఆ యువకులనే దింపారు. వాళ్లు చేసిన తప్పేమీ లేదు, మర్నాడు వేరే విమానంలో ఇంటికి చేరారు. వారం తిరిగేసరికి ఆమ్‌స్టర్‌డామ్ నుంచి బొంబాయి వస్తున్న విమానాన్ని యుద్ధవిమానాలు వెంటబెట్టుకుని వెనక్కి తీసుకుపోయాయి. పన్నెండుమంది మన భారతీయులను అరెస్టు చేశారు. వాళ్లు చేసిందల్లా సెల్‌ఫోన్లు చేతులు మార్చుకోవడం. మర్నాడు ఏమీ లేదని వదిలేశారు. 2016లో అమెరికాలో ఒక ప్రొఫెసరు విమానంలో కూర్చుని కాగితం మీద లెక్కలు చేసుకుంటుంటే, పక్కసీటావిడకు అవేవో రహస్య రాతలనిపించి సిబ్బందికి చీటీ పంపింది. ఆయన ఇటలీ దేశస్థుడు, ఆర్థికశాస్త్రం చెప్పేవాడు, కాస్త నల్లని ఉంగరాల జుట్టు. లెక్కలు చూసి మా పిల్లలు భయపడతారని తెలుసు గాని, పెద్దవాళ్లూ భయపడతారని అప్పుడే విన్నాను!

మన అబ్దుల్ కలాంగారి మాటకొస్తే, రాష్ట్రపతిగా చేసిన మనిషి. 2009లో ఢిల్లీలోనే ఒక విదేశీ విమాన సంస్థవారు ఆయన్ని వరసలో నిలబెట్టి తడిమి చూశారు. 2011లో న్యూయార్కులో కోటూ బూట్లూ విప్పించారు. ఆయన పల్లెత్తు మాట అనలేదు. తరవాత క్షమాపణలు వచ్చాయనుకోండి.

కొన్నిటికి క్షమాపణలు చాలవు. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం ఒలేతా ఊళ్లో, పని ముగించుకుని స్నేహితుడితో కూర్చున్న మన తెలుగుబిడ్డ కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒకడు కాల్చి చంపాడు. శ్రీనివాస్‌కు ముప్ఫై రెండేళ్లు. విమానాల్లో వాడే పరికరాలు తయారుచేసే గార్మిన్ కంపెనీలో ఇంజనీరు. కాల్చినవాడు ముందు మీదేం వీసా అని నిలదీశాడు. తరవాత వేరే ఊరు పారిపోయి, ఇద్దరు ఇరానువాళ్లను చంపానని చెప్పుకున్నాడు. మన ముఖంలో వాడికి ఇరాను కనిపించింది. వాడికి యావజ్జీవ శిక్ష పడింది గాని, ఆ ఇల్లాలు సునయన అడిగిన ప్రశ్న మాత్రం అలాగే ఉంది. మేము ఈ దేశపు మనుషులమేనా అని ఆమె నలుగురి ముందూ అడిగింది. అడ్డుపడబోయి తూటా తిన్న తెల్ల యువకుడు ఇయాన్ గ్రిల్లట్ బతికాడు. అక్కడి మనవాళ్లు చందాలు వేసుకుని అతనికి ఇల్లు కొనుక్కునేందుకు లక్ష డాలర్లు ఇచ్చారు.

ఆ వార్త విన్నరోజు మా వీధిలో అందరం అయ్యో అన్నాం. మరుసటి ఏడాదే, 2018 వేసవిలో, మా గద్వాల జిల్లాలో ఏమైంది? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని సెల్‌ఫోన్లలో వదంతులు పుట్టాయి. ఎండాకాలం ఆరుబయట మంచాలేసుకునే జనం ఉక్కపోతలో తలుపులు బిగించుకుని పడుకున్నారు. కొత్త ముఖం కనిపిస్తే చాలు, కర్రలు పట్టుకునే పరిస్థితి. ఆ మే నెలలోనే హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఇలాంటి వదంతి నమ్మి మూక కొట్టి ఒక ట్రాన్స్‌జెండర్ ప్రాణం తీసింది. అప్పుడు మా జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరిగారు పోలీసులను ఊరూరికీ పంపారు. డప్పు కళాకారులచేత పాటలు కట్టించి, ఆ బొమ్మలు అబద్ధాలని చెప్పించారు. మా జిల్లాలో ఆ వదంతులకు ఒక్క ప్రాణమూ పోలేదు. ఒక ఆడ ఆఫీసరు చేసిన పని కనుక ఇక్కడ కాస్త గట్టిగానే చెప్తున్నాను.

చీకట్లో పరాయి మనిషిని చూసి కర్ర వెతికే చెయ్యి, విమానంలో ఎయిర్ హోస్టెసు కోసం గంట నొక్కే చెయ్యి, రెండూ ఒకటే అని నాకనిపిస్తుంది. మరి నిజంగానే అనుమానం వస్తే ఊరుకోవాలా అని మీరడగవచ్చు. ఊరుకోవద్దు. సీటు కింద ఎవరిదో తెలియని సంచి ఉంటే చెప్పండి. తలుపు పిడి లాగబోయిన మనిషి కనబడితే చెప్పండి. సీటు నంబరు చెప్పండి, సంచి రంగు చెప్పండి, ఏం చేస్తుంటే చూశారో చెప్పండి. ఏం బట్టలు కట్టుకున్నాడు, ఏ దేవుణ్ణి తలుచుకున్నాడు అన్నది వాళ్లకు అక్కర్లేదు.

మా వదినె వచ్చేనెల మళ్లీ బయలుదేరుతోంది, ఈసారి రెండో మనవడికి. బియ్యప్పిండి పొట్లం మీద ఇంగ్లీషులో పేరు రాయించి ఉంచాను. మొదటి సంగతి గురించి కూడా ఆవిడతో కూర్చుని మాట్లాడాలి. ఎలా మొదలుపెట్టాలా అనే ఆలోచిస్తున్నాను, ఎంతైనా పెద్దావిడ కదా.