కాలేయపు జమాఖర్చులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో నన్ను మాటాడుమని కార్యవర్గమువారు కోరినపుడు, భాగవతమునుండి యేదో ఘట్టమును వివరింతునని తలచి యుందురు. ఇరువదియేండ్లుగా ఈ సావడిలో నేను చేయుచున్న పని యదియే. కళాశాల మెట్టెక్కినవాడను కాను. నాకు వచ్చిన నాలుగు పద్యములును ఈ బీరువాలు పెట్టిన భిక్ష. మా ఇంట పట్వారీగిరి పోయినను లెక్క వ్రాయు చేయి పోలేదు గనుక, పాలసంఘపు లెక్కలును, వడ్ల కొనుగోలు లెక్కలును వ్రాసికొనుచు కాలము గడుపుచున్నాను. కాని నేడు పద్యమును ప్రక్కన పెట్టి, కుడి పక్కటెముకల చాటున నుండు కాలేయమును గూర్చి ముచ్చటింప దలచితిని. దానికి కారణము స్వానుభవము.

మూడేండ్ల క్రిందట నాకు కడుపులో కుడివైపున బరువుగా నుండుట చేత కరీంనగరము పోయి స్కానింగు చేయించుకొంటిని. కాలేయమునకు కొవ్వు పట్టినదని తేలెను. ఆ కాగితమును చూచి వైద్యుడు తల యెత్తకయే, "దినాం ఎంత తాగుతరు?" అని యడిగెను. పుట్టి బుద్ధెరిగిన తరువాత కల్లు లొట్టిని ముట్టినవాడను కాను. ఆ మాట చెప్పితిని. ఆయన నమ్మినట్లు కనబడలేదు. నాతో వచ్చిన పిల్లవాడు ఊరికి తిరిగి వచ్చి నలుగురితో చెప్పినాడు. పదునైదు దినములపాటు నేను పురాణము చదువుచుండగా వెనుక వరుసలో నవ్వులు వినబడెను. ఆ నవ్వులకు జవాబు చెప్పవలెనన్న పట్టుదలయే నన్ను ఈ శాస్త్రమువైపు ఈడ్చినది.

కాలేయము మన శరీరమునకు ఖజానా. దాదాపు కిలోన్నర తూగును. భోజనమయిన పిమ్మట రక్తమున చేరు చక్కెరలో కొంత భాగమును గ్లైకోజను అను పిండిగా మార్చి దాచుకొనును. ఈ సంగతిని ఫ్రాన్సు దేశపు క్లాడ్ బెర్నార్డు కనుగొని, 1857లో ఆ పిండిని కాలేయమునుండి వేరుపరచి చూపెను. నిండుగా ఉన్నపుడు ఆ నిల్వ సుమారు వంద గ్రాములు. రాత్రి మనము నిద్రించునపుడు, ఏకాదశినాడు ఉపవాసముండునపుడు, ఖజానా ఆ నిల్వను కరగించి చక్కెరగా రక్తమునకు విడుదల చేయుచుండును. నిల్వ తరిగిన కొలది మాంసపు ముక్కలనుండియు, కొవ్వునుండియు వచ్చు పదార్థములతో క్రొత్తగా చక్కెరను తయారు చేయును. మెదడునకు గడియైనను చక్కెర తక్కువ కాకూడదు గదా.

జమ ఎప్పుడు, ఖర్చు ఎప్పుడు అని ఖజానాకు ఆజ్ఞ పెట్టువారెవరు? హార్మోనులు. క్లోమమున పుట్టు ఇన్సులిను జమ చేయుమనును. అక్కడనే పుట్టు గ్లూకగాను ఖర్చు చేయుమనును. క్లోమమునుండి వచ్చు రక్తము దేహమంతయు తిరుగక మునుపే నేరుగా కాలేయమునకు చేరును. అందుచేత ఈ యాజ్ఞలు ముందుగా అందునది కాలేయమునకే.

ఇక్కడ ఒక చమత్కారమున్నది. గ్లూకగాను కాలేయ కణము లోనికి రానే రాదు. పరరాజు దూత కోట వాకిటనే నిలిచిపోవును; కావలివాడు లోనికి తనవాడైన వేరొక దూతను పరుగెత్తించును. ఆ లోపలి దూతను అమెరికాలో ఎర్ల్ సదర్లాండు 1950ల దశకమున కాలేయముపైననే పరిశోధించి పట్టుకొనెను. దాని పేరు చక్రీయ ఏఎంపీ. ఇందులకై ఆయనకు 1971లో నోబెలు బహుమానము వచ్చెను. ఆ దూత దేనినుండి తయారగుచున్నాడు? ఏటీపీ అను శక్తిపదార్థమునుండి. ఆ ఏటీపీని 1929లో హార్వర్డులో ఫిస్కెతో కలిసి కనుగొన్నవాడు మన తెలుగువాడు, భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును అదే కాలమున దానిని వేరుగా కనుగొనెను. సుబ్బారావుగారి పేరు మరల ఒకమారు రానున్నది. గుర్తుంచుకొనుడు.

కార్టిసాలు అను మరియొక హార్మోనున్నది. ఆకలి, దిగులు, జాగరణ కలిగినపుడు ఇది పెరుగును. ఇది వాకిట నిలువదు. గోడను దాటి లోనికి పోయి, తన గ్రాహకముతో కలిసి, జన్యువులు వ్రాసియున్న గ్రంథముపైననే చేయి పెట్టును. ఇన్సులిను పని దీనికి వేరు. చక్కెరను క్రొత్తగా తయారు చేయు జన్యువులను చదివించు ఫాక్సో అను ప్రోటీనునకు ఫాస్ఫేటు ముద్ర వేయించి, దానిని గ్రంథపు గదినుండి వెలుపలికి పంపివేయును. నా వంటివానిలో ఈ ముద్ర సరిగా పడదు. ఇన్సులిను ఎంత వచ్చినను ఖజానా ఖర్చు ఆపదు. కాని కొవ్వు కూడబెట్టుమను ఆజ్ఞ మాత్రము చక్కగా చెల్లుచుండును! ఒకే అధికారి మాటలో సగము విని సగము పెడచెవిని పెట్టు గుమాస్తాలను నేను చూచియున్నాను గాని, కాలేయము కూడ అట్టిదని అనుకొనలేదు. ఇట్లు చుక్క మద్యము ముట్టనివానికిని కాలేయమున కొవ్వు పేరును. 2023లో ప్రపంచ వైద్య సంఘములు ఈ వ్యాధికి పేరే మార్చి, జీవక్రియతో ముడిపడిన కొవ్వు కాలేయమని పెట్టినవి. వెనుక వరుసవారు ఈ మాటను గమనింప ప్రార్థన.

ఇక గ్రంథమును గూర్చి. మన దేహమున చర్మ కణమునందును, కాలేయ కణమునందును ఉన్న జన్యుగ్రంథము ఒక్కటే. అయినను చర్మము కాలేయపు పని చేయదు. ఏల? మన గ్రంథాలయములోని భాగవతపు ప్రతిని తీసి చూడుడు. గజేంద్రమోక్షము పుటలు చేతుల జిడ్డుతో నల్లబడినవి. కొన్ని స్కంధముల పుటలు ఒండొంటికి అంటుకొని ఇంతవరకు ఎవరును విప్పలేదు. ఒకరెవరో పెన్సిలుతో గీతలు గీసినారు, మరియొకరు పుట మడిచినారు. మూలములో ఒక్క అక్షరమును మారలేదు. కాని ఏది చదువబడును, ఏది చదువబడదు అనునది ఆ గుర్తులనుబట్టియే యున్నది. కణములోను ఇంతే. జన్యువుపై మిథైలు అను చిన్న గుర్తు పడినచో ఆ పుట సాధారణముగా మూతపడును. జన్యుసూత్రము చుట్టుకొనియున్న హిస్టోను కండెలపై ఎసిటైలు గుర్తు పడినచో ఆ పుట వదులై తెరువబడును. ఎసిటైలు గుర్తులు గంటలలో మారగలవు. మిథైలు గుర్తులు కొన్ని ఏండ్ల తరబడి నిలుచును. దీనినే ఎపిజెనెటిక్సు అందురు.

ఈ గుర్తులలో కొన్ని మనము తల్లి కడుపులో నున్నపుడే పడును. 2005లో ఇంగ్లండులోని సౌతాంప్టనులో ఒక పరీక్ష చేసిరి. చూలు ఎలుకలకు ప్రోటీను తగ్గించి మేత పెట్టిరి. వాటి పిల్లల కాలేయములను చూడగా, కొవ్వును ఖర్చు చేయించు ఒక జన్యువుపైనను, కార్టిసాలు వంటి హార్మోనుల గ్రాహకపు జన్యువుపైనను మిథైలు గుర్తులు తగ్గియుండెను. అనగా తల్లి తిన్న కొరత పిల్ల కాలేయపు పుటలలో నమోదైనది. ఆ తల్లులకు అదే కొరత మేతతో పాటు ఫోలిక్ ఆమ్లము కలిపి పెట్టినపుడు ఆ మార్పు రాలేదు! మిథైలు గుర్తులకు కావలసిన సరుకును అందించు పదార్థములలో ఫోలిక్ ఆమ్లము ముఖ్యమైనది. దానిని లెడర్లీ ప్రయోగశాలలో 1945 నాటికి కృత్రిమముగా తయారు చేసిన బృందమునకు నాయకుడెవరు? మరల మన సుబ్బారావుగారే. యౌవనమున ఆయన తన సోదరులనిద్దరిని గ్రహణి వంటి వ్యాధికి కోల్పోయెను. తానును ఆ వ్యాధితో పోరాడెను. ఆ వ్యాధికే ఫోలిక్ ఆమ్లము మందయినది. ఆయన 1948లో న్యూయార్కులో మరణించెను. మిథైలు గుర్తుల సంగతి తేలినది ఆ తరువాత చాల కాలమునకు.

ఎలుకల కథ మనకేల అందురేమో. మనుష్యుల కథయు కలదు; అదియును మన తెలంగాణములోనిదే. 1987 నుండి 1990 వరకు హైదరాబాదు చుట్టుపట్ల 15 గ్రామములలో గర్భిణులకును, ఆరేండ్ల లోపు పిల్లలకును మక్క, సోయా పిండితో వండిన ఉప్మాను పెట్టిరి. ప్రక్కనున్న 14 గ్రామములకు ఆ పథకము అప్పటికింకను రాలేదు. ఆ పిల్లలు 13 నుండి 18 ఏండ్లవారైన తరువాత 1,165 మందిని పరీక్షించిరి. ఉప్మా అందిన గ్రామముల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు. అది సరే, ఇన్సులిను మాటను దేహము పెడచెవిని పెట్టుట వారిలో సుమారు ఐదవ వంతు తక్కువగా నుండెను. ఆ పరిశోధకులు మిథైలు గుర్తులను కొలువలేదు, నిజమే. కాని అంగన్‌వాడీలో ఒక గరిటెడు ఉప్మా పదునైదేండ్ల తరువాత రక్తమున కనబడుట సామాన్యమా?

నేను 1972 కరువులో మా అమ్మ కడుపున పడినవాడను. ఈ సంగతులన్నియు చదివి, ఒకనాటి సాయంకాలము, "అమ్మా, ఆ యేడు నువ్వేమి తిన్నవే?" అని అడిగితిని. ఆమె చాలసేపు పలుకలేదు. "గటక దొరికిన నాడు గటక, లేనినాడు చింతచిగురు. నేను తిన్నదే నీకు పెట్టిన బిడ్డా," అన్నది. ఆ ప్రశ్న అడుగవలసినది కాదని నాకప్పుడు తోచినది. ఎలుకల గుంపునకు చెల్లిన లెక్కను ఒక్క మనిషి కాలేయమునకు అంటగట్టరాదు. పైగా ఆ కరువునకు బాధ్యురాలు ఆమెయా? తల్లిని నిందించుటకు ఈ శాస్త్రమును వాడుకొనువారున్నారని విన్నాను. అది శాస్త్రము కాదు. అదియునుగాక, నా తప్పులు నావి. కరువులో పుట్టిన కాలేయమునకు నేను పోచంపాడు కాలువ వచ్చిన తరువాతి సన్నబియ్యపు అన్నమును మూడు పూటలు పెట్టి, కదలక కూర్చుండి లెక్కలు వ్రాసితిని.

కాలేయమున చేరిన కొవ్వు తిరిగి పోవును. శరీరపు బరువులో పదవ వంతు తగ్గించినచో చాలమందిలో బాగుగా తగ్గునని వైద్యులు చెప్పుదురు. రెండేండ్లుగా నేను రాత్రికి జొన్నరొట్టె, ఉదయము చెరువు కట్టమీద నడక పట్టుకొంటిని. ఏడు కిలోలు తగ్గినాను. స్కానింగు కాగితముపై మాట మారినది.

ఇప్పుడు మా కోడలికి అయిదవ నెల. ఆశా కార్యకర్త ఇచ్చిన ఇనుము, ఫోలిక్ మాత్రలు వేసికొన్నచో బిడ్డ నల్లగా పుట్టునని మా వాడకట్టున ఎవరో చెప్పగా, ఆమె వాటిని బియ్యపు గోలెము వెనుక దాచినది. నేను కోపగించలేదు. ఆ మాత్రలోని ఒక మందును తయారు చేసినవాని కథను, ఇప్పుడు మీకు చెప్పినట్లే, వంటింటి గడపలో కూర్చుండి చెప్పితిని. మా అమ్మయు విన్నది. మరునాటినుండి ఆ మాత్రను లెక్కపెట్టి యిచ్చుపని మా అమ్మ తానే తీసికొన్నది; గోడమీద బొగ్గుతో గీతలు గీయుచున్నది. నిన్నటికి ముప్పదినాలుగు గీతలు.